పిట్ట ఏది ముట్టింది

బర్ దుబాయ్‌కి ఇంకా మెట్రో రాని రోజులవి. నేను ఒక బట్టల దుకాణానికి పికప్ నడిపేవాణ్ని. ఒకే గదిలో ఎనిమిది మందిమి, అందరం కరీంనగర్ వైపు పల్లెల వాళ్లమే. బండి నా చేతిలో ఉంటుంది కనుక, శుక్రవారం వస్తే సముద్రానికి తీసుకుపొమ్మని నన్ను సతాయించేవాళ్లు. ఎండాకాలం ఇక్కడి సముద్రం కాగిన నీళ్ల గంగాళం, నేను రానని తప్పించుకునేవాణ్ని. ఒక జూలైలో మాత్రం నేనే బండి తీశాను. ఆ ప్రయాణం గుర్తొస్తే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

నా పక్క మంచం అతనూ నేనూ ఒకరినొకరం బావా అని పిలుచుకునేవాళ్లం. అతను తాపీ పని చేసేవాడు. మంగళవారం పొద్దున ఊరి నుంచి ఫోన్ వచ్చింది, భార్య పోయిందని. జ్వరమట, పట్నం ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయిందట. బావ పాస్‌పోర్ట్ కంపెనీ దగ్గర ఉంది. అడగడానికి పోతే కంపెనీ మేనేజరు, ముదీర్, "కఫీల్ ఊళ్లో లేడు" అని చేతులెత్తేశాడు; వీసా ఇచ్చిన ఆ యజమాని సంతకం లేనిదే పాస్‌పోర్ట్ బయటికి రాదు. సాయంత్రానికల్లా అక్కడ దహనం అయిపోయింది.

మా వైపు మనిషి పోయిన మూడోనాడు పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, ఆకులో వడ్డించి, దూరం జరుగుతారు. కాకి వచ్చి ముడితే ఆ ప్రాణం తృప్తి పడినట్టు. మూడోనాడు గురువారం పడింది, మాకు సెలవేమో శుక్రవారం.

"పిట్టక్కూడ కంపెనీ టైమేనా!" అని కాక గొణిగాడు. కాక మా గదిలో అందరికంటే పెద్ద, వంట ఆయనదే. ఊళ్లో పిల్లలచేత పెట్టించినా, మొగుడు కూడా పెట్టాల్సిందేనని ఆయన పట్టు.

గురువారం సాయంత్రం పొయ్యి దగ్గర నిలబడి అడిగాడు.

"నీ పెండ్లానికి ఏం ఇష్టముండెరా? చెప్పు, అండుత."

"బోటి కూర," అన్నాడు బావ వెంటనే. అని ఆగిపోయాడు. "కాదు కాక. అది నాకిష్టం. నేను సెలవుకు ఇంటికి పోతే అండేది."

"మరి ఆమెకు?"

"నాకు పెట్టి, పిల్లలకు పెట్టి, అందరి ఎనుక తినేది. ఏం తినేదో నేనెన్నడు సూడలె."

"మీ అత్తకు ఫోన్ చెయ్యి," అన్నాను నేను.

"ఏమని అడగాలె బావా? మీ బిడ్డకు ఏం ఇష్టముండె అనా? ఇన్నేండ్లు ఏం కాపురం జేసినవ్ అంటది."

గదిలో పెళ్లయినవాళ్లందరం ఎవరి మంచం మీదికి వాళ్లం పోయి కూర్చున్నాం. కాక ఇంకేం అడగకుండా తనకు తోచినవన్నీ వండాడు. కోడికూర, గారెలు, పచ్చిపులుసు, సర్వపిండి, పాయసం. బావ పోయి ఖర్జూరాలు తెచ్చాడు. పోయినసారి సెలవుకు పట్టుకుపోతే ఆమె అన్నీ పిల్లలకే పంచిందట.

మా బిల్డింగు మీద పెట్టడానికి వాచ్‌మన్ ఒప్పుకోలేదు, పైగా అక్కడ తిరిగేవన్నీ పావురాలు. ఉమ్ అల్ కువైన్‌లో చేపల పడవలు ఆగే చోట కాకులు గుంపులుగా ఉంటాయని నాకు తెలుసు. పికప్‌లో ముగ్గురికే చోటు కాబట్టి మర్నాడు నేను, కాక, బావ పోయాం. కొంచెం అవతల కుటుంబాలు వచ్చి ఉన్నాయి. పిల్లలు రబ్బరు ట్యూబులతో నీళ్లలో కేరింతలు కొడుతున్నారు. మాకు ఆ నవ్వులు వినబుద్ధి కాలేదు.

బావ బట్టలతోనే సముద్రంలో మునిగి వచ్చి, మలయాళీ దుకాణంలో కొన్న అరటాకు పరిచి అన్నీ వడ్డించాడు. పడవల తాళ్ల మీద కాకులున్నాయి, ఒక్కటీ దిగలేదు.

"పిల్లలను మంచిగ సూసుకుంట అను," అన్నాడు కాక. బావ అన్నాడు. కాకి రాలేదు.

"జల్ది ఇంటికొస్త అను."

"అబద్ధమెట్ల జెప్పాలె కాక? పాస్‌పోర్ట్ వాళ్ల కాడనే ఉన్నది." బావ ఆకు వైపు తిరిగాడు. "నీకేమిష్టమో నాకెరుకలేదే. అన్ని తెచ్చిన. ఏది గావాల్నో అదే ముట్టు. నేను తెల్సుకుంట."

మనుషులు చూస్తుంటే పిట్ట బెదురుతుందని కాక మమ్మల్ని బండి దగ్గరికి నడిపించి, అటు మొహం పెట్టించాడు. ఎండకు బండి రేకు చెయ్యి పెట్టనివ్వడం లేదు. బావ కళ్లు మూసుకుని చేతులు జోడించాడు. కాసేపటికి వెనక కావుకావుమని గోల లేచింది.

"ముట్టింది, ముట్టింది!" అన్నాడు కాక. హమ్మయ్య, ఖలాస్ అనుకున్నాను.

బావ వెనక్కి పరుగెత్తాడు. అప్పటికే గుంపంతా దిగి ఆకు చిందరవందర చేసింది. కూరా పాయసం ఇసుకలో కలిసిపోయాయి.

"ముందుగాల ఏది ముట్టింది? కాక, ఏది ముట్టింది? సూసిండ్రా?"

కాక కొంచెం కూడా తడబడలేదు. "గారెరా. మొదలు గారెనే ఎత్తుకపోయింది."

"గారెలా?" అన్నాడు బావ. "గారెలిష్టముండెనా దానికి? నాకెన్నడు జెప్పనేలేదు." కాలే ఇసుకలో అలాగే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

కాక వచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కాకులు దిగినప్పుడు మేమిద్దరం బండి వైపు తిరిగే ఉన్నాం. ఏది ముట్టిందో మాలో ఎవరం చూడలేదు.