మావయ్యకి అందిన ఏలకులు

మా చెరుకుతోటల దీవి మీద ఇంకా దొరల జెండా ఎగురుతున్న రోజుల్లో పెళ్లయి, ట్రియోలే నుంచి లెస్కాలియేకి కాపురానికి వచ్చాను. గడప దాటగానే మావయ్య కాళ్లకు మొక్కాను. లేచేసరికి ఆయన ముఖం నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. దీవెన పొడుగ్గా సాగింది. నేను ఊపిరి బిగబట్టాను. పిల్లాపాపలు, సిరిసంపదలు దాటి దీర్ఘాయుష్షు దగ్గరికి వచ్చేసరికి, అది నాకు దక్కేలా లేదనిపించింది.

మావయ్య ఊరి రామభజనకి పెద్ద. దీపం చుట్టూ తిరుగుతూ ఆయన పాట ఎత్తుకుంటే చెరుకుతోటల దాకా వినిపించేది. ఆయన పక్కన చోటు మాత్రం ఎప్పుడూ ఖాళీయే. పెద్దమనిషి కదా, ముఖాన ఎవరంటారు? అందుకే తలా ఒక ఏలక్కాయో లవంగమో చేతిలో పెట్టేవారు. ఆయన దాన్ని తన గొంతుకి సన్మానం అనుకునేవారు.

"గెటే, కోడలా. జనానికి నా పాటంటే ఎంత ప్రేమో చూడు" అని ఏలకుల డబ్బా ఊపి చూపించేవారు. గెటే అంటే మా దీవి క్రియోల్లో చూడు అని.

కుళాయి దగ్గర ఆయన ఉమ్మిన నీళ్లు రోజూ ఎర్రగా ఉండేవి. ముందు పళ్లు కదిలేవి. అవి ఊడితే పాట పోతుంది, పాట పోతే ఈ మనిషి ఇంటిల్లిపాదినీ కాల్చుకు తింటారు. అదే మా ఆయనతో అన్నాను.

"పా కోజే" అన్నారు. మాట్లాడకు అని. అత్త అయితే ఉక్కపోత వంక పెట్టి ఎన్నో ఏళ్లుగా వరండాలోనే పడుకుంటోంది.

ఒకరోజు చిగుళ్లు వాచి అన్నం మింగలేకపోయినా మావయ్య ఏలక్కాయ నములుతుంటే నాకు ఒళ్లు మండింది.

"మావయ్యా, అవి మీ పాటకి ఇవ్వట్లేదు. నోటి వాసనకి ఇస్తున్నారు. పళ్ల డాక్టరు దగ్గరికి పదండి."

ఆయన అత్త వైపు తిరిగారు. "నిజమేనా?"

"దెపి మరియాజ్" అంది అత్త, బియ్యం ఏరుతూనే. పెళ్లయిన నాటినుంచీ అన్నమాట.

డాక్టరు ఒక పన్ను పీకి, చిగుళ్ల కింద గట్టిపడ్డ పాచి గీకి, మిగతావి నిలబెట్టాడు. నాలుక కూడా గీసుకోమన్నాడు. వాసన జబ్బుకి గుర్తు మాత్రమే అనుకున్నాం అప్పట్లో. దంతవైద్యం చదివిన మా మనవరాలు ఇప్పుడు ఇంకో మాట చెబుతోంది. నోట్లో క్రిములు వదిలే ఆ గంధకపు వాయువులే చిగుళ్ల పొరను దెబ్బతీసి, క్రిములు లోపలికి పోయేందుకు దారి ఇస్తాయేమోనట. ఇంకా 'ఏమో' దగ్గరే ఉన్నారు. నిప్పు లేనిదే పొగ రాదంటాం, ఈ పొగ కూడా కాలుస్తుంది కాబోలు.

తర్వాతి భజనలో ఆయన పక్కన చోటు నిండింది. ఏలకులు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఖాళీ డబ్బాతో ఇంటికొచ్చి, ముఖం వేలాడేసుకుని కూర్చున్నారు.

"ఇవాళ పాట బాగా రాలేదే, కోడలా."

నాకు నిజంగా జాలేసింది. వంటింట్లోంచి ఒక ఏలక్కాయ తెచ్చి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని చూశారు, నన్ను చూశారు. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టి ఊది, వాసన చూసుకున్నారు.

"ఇది దేనికి?"

"పాటకే, మావయ్యా."

ఇంకోసారి ఊది చూసుకుని గానీ నోట్లో వేసుకోలేదు.