ముగింపు దగ్గర ఖాళీ

ఈ ఉదయం డయాలసిస్ గదిలో మూడో మంచం మీద దుప్పటి మడత విప్పలేదు. మిగతా మంచాల దగ్గర మెషీన్లు అప్పటికే తిరుగుతున్నాయి. నేను అటే చూస్తున్నానని సిస్టర్ దగ్గరకు వచ్చింది. "మేడమ్ ఇంగ రాదు పాపా. తెల్లారుజామున ఆళ్లగడ్డలో పోయిందంట. వాళ్ల తమ్ముడు ఫోన్ చేసినాడు" అని చెప్పి, ఆ దుప్పటి తీసుకెళ్లి చలి అంటున్న ఇంకొకరికి కప్పింది.

మేడమ్ నంద్యాలలో, కాన్వెంటులో నాకు ఇంగ్లీషు చెప్పిన టీచరు. ఇది చదువుతున్న మీలో కొందరు ఆమె దగ్గర చదువుకునే ఉంటారు. తరగతిలో నేను నోరు విప్పేదాన్ని కాదు. ఆమె నన్ను నిలబెట్టి అడిగేవారు కాదు. నా కాంపోజిషన్ అడుగున పెన్సిల్‌తో ఒక ప్రశ్న రాసి ఇచ్చేవారు. జవాబు తర్వాతి కాంపోజిషన్ కింద నేను రాసేదాన్ని. మా మాటలన్నీ అలాగే సాగాయి.

రిటైరయ్యాక ఆమె సొంతూరు ఆళ్లగడ్డ వెళ్లిపోయారు. మళ్లీ కలిసింది ఈ గదిలోనే, ఆమె కిడ్నీలు పాడయ్యాక. బస్సులో వచ్చేవారు. సంచిలో స్కూలు పుస్తకాలకు వేసినట్టు అట్టలు వేసిన మూడు పుస్తకాలు ఉండేవి. నవల ఎలా రాయాలో చెప్పే పుస్తకాలు. పోయేలోపు ఒక్క నవల రాయాలని ఆమె కోరిక.

ఎడమచేతి నరం పాడైపోవడంతో సూదులు కుడిచేతికే గుచ్చేవారు. అందుకని ఎడమచేత్తో పుస్తకం పట్టుకుని ఆమె చదివేవారు, స్టూలు మీద కూర్చుని నేను రాసేదాన్ని. పాత శుభలేఖల వెనక, ఒక్కో పాత్రకు ఒక్కో కార్డు. పేరు, కోరిక, దానికి అడ్డం, ముగింపు. "మనిషికి ఏం కావాల్నో తెలీకుండా కథ గడప దాటి లోపలికి రానీయొద్దు" అనేవారు.

పాత్రల కోసం ఆమె దూరం పోలేదు. పక్క మంచంలో ఉన్న భాయ్‌ను అడిగారు. ఆయన గోస్పాడులో పరుపులు కుట్టేవాడు.

"భాయ్, నీకేం కావాల?"

"నీళ్లు టీచరమ్మా. చెంబెడు చల్లటి నీళ్లు. ఎత్తి గటగటా తాగాల."

ఎదుటి మంచం శెట్టికి పాణ్యంలో అంగడి ఉంది. "నాదీ అదే మేడమ్. దినామూ సోడా మూత తీసిచ్చేది నేను, తాగేది ఊరోళ్లు" అన్నాడు.

మెషీన్ మీద బతికేవాళ్లు నీళ్లు కొలుచుకుని తాగాలి. ఎవరిని అడిగినా అదే జవాబు. మేడమ్ పుస్తకం మూసి నవ్వారు. "ఇద్దరికి ఒకే కోరిక ఉండకూడదని రాసినాడు ఈయప్ప. ఆయనకు కిడ్నీలు బాగుండాయేమో."

ముగింపు ముందే రాసుకోమని ఒక పుస్తకం చెప్పింది. మధ్యలో ఒకరు పోవాలి, అప్పుడే మిగిలినవాళ్ల భయం చదివేవాళ్లకు తగులుతుందని ఇంకోటి చెప్పింది. మేడమ్ శెట్టి కార్డు తీయించారు.

"శెట్టీ, నిన్ను మధ్యలో పంపిద్దామనుకుంటాండా."

"పంపు మేడమ్. సోడా తాగించి పంపు."

ఆయన నవ్వుతుండగానే కార్డు మీద నేను ఆ ముగింపు రాశాను. తర్వాతి వారం శెట్టి రాలేదు. ఆయన పోయాడని సిస్టర్ చెప్పింది.

అది కాకతాళీయమని మేడమ్‌కు తెలుసు, నాకూ తెలుసు. కానీ ఆ తర్వాత ఏ మెషీన్ అలారం మోగినా, అందరి చూపూ ముందు నా చేతిలోని కార్డుల మీదికే వచ్చేది. ఒకరోజు భాయ్ తల మాత్రం ఇటు తిప్పాడు.

"టీచరమ్మా, నా దాంట్లో కడాకు ఏం రాసినావు?"

"ఏం రాయలే భాయ్."

"పాపా, సూపీ."

చూపించాను. ముగింపు దగ్గర ఖాళీ.

"అట్లే పెట్టు. రంజాన్ పోనీ. రంజాన్ అయినాక బక్రీదు ఉందిలే."

ఎవరూ నవ్వలేదు.

ఆనాటి నుంచి మేడమ్ ముగింపులు రాయించడం మానేశారు. కొత్త పాత్రలను పుట్టించారు. వాళ్లకు ఇష్టమైన కూరలు, చెప్పుల సైజులు, చిన్ననాటి దెబ్బలు. కార్డుల కట్ట లావెక్కింది. నవల మొదటి వాక్యం మాత్రం రాలేదు. "ముగింపు తెలీకుండా మొదలుపెట్టొద్దంటాండాయి ఈ పుస్తకాలు. రాస్తే ఈ గదిలో ఎవరికీ ఊపిరాడదు. ఏం జేద్దాం?" అన్నారు. నేను కార్డులు సర్ది కట్టకు దారం చుట్టాను. ఆమె కాళ్ల వాపు తగ్గడం మానేసింది. బస్సు దిగాక మెట్ల దగ్గర చాలాసేపు నిలబడేవారు.

కిందటిసారి వచ్చినప్పుడు కట్ట నా ఒళ్లో పెట్టారు. "ఇంగ నువ్వు రాయి."

"నాకు భయం మేడమ్."

"ఉండాల. భయం లేనోళ్లు మనుషుల్ని ఊరికే సంపేస్తారు."

నోరులేని పిల్లను ఇంతమంది మనుషుల దగ్గర కూర్చోబెట్టి రాయించింది ఆమె ఒక్కరే. ఆ మాట ఆమెకు నేను చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

ఈ ఉదయం దుప్పటి లేని మంచం మీదుగా భాయ్ నన్ను పిలిచాడు.

"కార్డులు యాడుండాయి పాపా?"

"నా దగ్గరే."

"రాస్తావా?"

"రాస్తా."

"మరి మా కడాకు ఏం రాస్తావు?"

జవాబు కోసం చూడకుండా ఆయన కళ్లు మూసుకున్నాడు. స్టూలు తీసుకుని ఐదో మంచం దగ్గరకు వెళ్లి కూర్చున్నాను. అక్కడ పడుకున్నది మా అమ్మ. మొదటి నుంచీ నేను ఈ గదికి వస్తున్నది ఆమెకు తోడుగానే. ఆ కట్టలో అమ్మ కార్డూ ఉంది.