అపొలోనియా కుంచె

ఆ సాయంత్రం కూడా అపొలోనియా పని ముగించి, ఎర్రరంగు కుంచెను తన బూడిదరంగు లంగా అంచు తిరగేసి లోపలివైపు తుడుచుకుంది. ఆమె భర్త యోర్గ్ రాగిరేకుల మీద దొరసానుల దుస్తుల బొమ్మలు చెక్కి కాగితాల మీద అచ్చు తీసేవాడు. పాదరసం కలిసిన ఎరుపులో ముంచిన కుంచె మొనను కూడా నాలుకతోనే తీర్చుకుంటూ ఆ బొమ్మలకు ఆమె రంగులు వేసేది. దొరసాని ఎర్రగౌను దగ్గర మాత్రం కూనిరాగం తీసేది. ఆ రోజుల్లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరంలో పనివాళ్ల ఆడవాళ్లు ఎరుపు తొడిగితే జరిమానా.

“గుడ్డ పక్కనే ఉందిగా, లంగా ఖరాబు చేసుకుంటావేంటే?” అన్నాడు యోర్గ్.

“లోపలేగదయ్యా! నగరపెద్దలు వంగి చూస్తారా ఏంటి?” అని నవ్వింది.

తెల్లారి ఆమె లేవలేదు.

ఖననమయ్యాక, లంగా పక్కింటావిడకు ఇద్దామని మడతపెడుతూ యోర్గ్ అంచు తిరగేశాడు. అవి మరకలు కావు. దొరసాని గౌనుకు తను చెక్కిన దానిమ్మపూల తీగే అంచంతా ఎర్రగా పాకి ఉంది. చివరి పువ్వుకు రంగు సగమే పడింది.