పోలిక కోసం ఇచ్చిన రక్తం

తొంభయ్యో దశకం మొదట్లో బెల్లంపల్లిలో ఒక ఆసుపత్రి ల్యాబులో జూనియర్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్న నన్ను మార్పిడి విద్యార్థిగా ఇంగ్లండ్ పంపారు. వాళ్ల మనిషి ఒకరు మా దగ్గరికి, నేను వాళ్ల దగ్గరికి. ఒక చలికాలమంతా రక్త పరీక్షలు నేర్చుకోవాలి.

చదువు బాగానే సాగింది, మనసే నిలవలేదు. మా మేనమామ కూతురు సుగుణను పుట్టినప్పుడే నాకని అనుకున్నారు. మామది బాయి పని, అంటే బొగ్గు గనిలో ఉద్యోగం. వాళ్ల క్వార్టర్ ముందు బొగ్గు కుంపటి మీద సుగుణ మక్క కంకులు కాల్చేది. ఆ పొగ వాసన కోసం పరాయి ఊళ్లో నా ప్రాణం కొట్టుకునేది. నేను తిరిగి రాగానే పెళ్లి.

ఒకరోజు కొడవలి కణాల పరీక్ష నేర్పారు. అది తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్తపు జబ్బు. గాజు పలక మీద రక్తపు చుక్కలో ఆక్సిజన్‌ను లాగేసే ద్రావణం కలిపి, మీద పల్చటి గాజు రేకు పెట్టి, అంచులు మూసి కాసేపు ఆగాలి. ఆ జబ్బు గుణమున్న ఎర్రకణాలు కొడవళ్లలా వంగుతాయి. రోగి రక్తం పక్కన పోలిక కోసం ఆరోగ్యవంతుడి రక్తమూ పెట్టాలి. దాన్ని కంట్రోల్ అంటారు. నాకేం, గుండ్రాయిలా ఉన్నాను కదా అని నాదే ఇచ్చాను. మైక్రోస్కోపులో చూస్తే రెండు పలకల మీదా కొడవళ్లే.

అక్కడి చీఫ్ టెక్నాలజిస్ట్, నడివయసు ఆవిడ, ఇంకో పరీక్ష చేయించింది. నాకు జబ్బు లేదు, ఆ గుణాన్ని మోస్తున్నానంతే అంది. అదే గుణమున్న అమ్మాయిని చేసుకుంటే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఆవిడ చెబుతుంటే నాకు సుగుణ తమ్ముడు గుర్తొచ్చాడు. చలి ముదిరితే కాళ్లు పట్టుకుని ఏడ్చేవాడు. గాలి సోకిందని తాయెత్తులు కట్టించారు. చిన్నతనంలోనే పోయాడు.

తిరిగొచ్చి మామకు చెబితే కొట్టిపారేశాడు. "మన ఇండ్లల్ల మేనరికం తాతల కాడికెల్లి ఉన్నదే. ఫారిన్ పోయి గిదా నేర్సుకొచ్చినవ్?" అన్నాడు. సుగుణ మాత్రం రక్తం తీయమని చేయి చాపింది. ఆమె రక్తంలోనూ అదే గుణం.

పిల్లలు లేకుండానే ఉందామన్నాను.

"గిప్పుడు అట్లనే అంటవ్. రేపు పిల్లల మీద ఆశ నీకూ ఆగది, నాకూ ఆగది. తమ్ముడు ఏడ్సుడు ఇంకా నా చెవులల్లనే ఉన్నది. మల్ల ఇనలేను బావా" అంది.



తర్వాత సుగుణకు చొప్పదండి సంబంధం వచ్చింది. అప్పటికి మామ కూడా మెత్తబడ్డాడు, పెళ్లికొడుకును నా ల్యాబుకే తీసుకొచ్చాడు. రక్తం నేనే తీశాను. కణాలన్నీ గుండ్రంగా ఉన్నాయి. పలక తీసి మళ్లీ పెట్టి, ఒక్క కొడవలి కోసం మూలమూలా వెతికాను. దొరికితే ఈ పెళ్లి ఆగుతుంది. సుగుణ నాకు అప్పటికీ కావాలి. కొడవలి దొరకలేదు. నార్మల్ అని రాసి సంతకం చేసి మామ చేతికిచ్చాను.

సుగుణకు ఇద్దరు పిల్లలు. ఆ గుణం వాళ్లకు వచ్చిందేమో గానీ, జబ్బు లేదు.

రిటైరయ్యే దాకా, కొత్తగా చేరిన ప్రతి టెక్నీషియన్‌కూ ఒక మాట చెబుతూ వచ్చాను. అనుమానంతో పలకను ఎన్నిసార్లయినా చూడొచ్చు. ఆశతో చూస్తున్నామని తెలిసిన క్షణాన సంతకం పెట్టి లేవాలి.