సెక్షన్ మొత్తం కుంటిన రోజు

ఆ రోజుల్లో నేను ఒక్క చోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. పటాలంలో కొత్తగా నాయక్‌నయ్యాను. చొక్కా చేతికి రెండు గీతలు, చేతి కింద పది మంది లోపు జవాన్లతో ఒక సెక్షన్. గీతలైతే వచ్చాయి గానీ ఉంటాయో ఊడతాయో తెలియదు. మా సుబేదారు సాబ్ కడప మనిషి. "నీకు అరిచేది వచ్చప్పా. నడిపించేది వచ్చునో రాదో చూడాల. ఇప్పుడు పడబోయే మొదటి పనిలో సెక్షన్ చెదిరిందంటే గీతలు విప్పిస్తా" అన్నాడు. అప్పటి నుంచి నాకు ముద్ద దిగలేదు. నిద్రలో కూడా 'సావధాన్' అంటున్నానట. (పక్క మంచం వాడు ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడని తర్వాత తెలిసింది.)

ఆ పని పడింది కూడా మా వరంగల్ జిల్లాలోనే. స్టేషన్ ఘన్‌పూర్ అవతల వాగు పొంగి ఒక ఊరికి దారి తెగింది. కల్వర్టు కొట్టుకుపోయిన చోట మా లారీ ఆగింది. అక్కడి నుంచి బియ్యం, మందులు వీపున వేసుకొని పొద్దుగూకేలోపు ఆ ఊరు చేరాలి. సొంత జిల్లా, దారి పొడుగునా మనవాళ్ళు చూస్తారు కదా అని నేను కొత్త బూట్లు తొడిగాను. కొత్త బూట్లతో దూరం నడవకూడదని పటాలంలో నిన్న చేరినవాడికి కూడా తెలుసు. నాకూ తెలుసు. అయినా తొడిగాను.

బయలుదేరే ముందు వరసగా నిలబెట్టి చెప్పాను: "నా అడుగు ఎట్ల పడితే మీ అడుగు గట్లనే పడాలె. నడుమల ఎవ్వడు నోరు తెరువద్దు." ముందు నేను, వెనక వాళ్ళు. వెనక్కి తిరిగి చూస్తే పరువు తక్కువని మెడ బిగించి నడిచాను. కొంత దూరం పోయేసరికి ఎడమ మడమ భగ్గున మండింది. ఆగితే గీతలు పోతాయి, నడిస్తే ప్రాణం పోతుంది. పళ్ళు బిగపట్టి ఈడ్చుకుంటూ నడిచాను.

రోడ్డు పక్కన మక్క కంకులు కాల్చే ముసలమ్మ విసనకర్ర ఆపి మమ్మల్ని ఎగాదిగా చూసింది. "ఏం బిడ్డా, మీ పటాలంల అందరికి ఎడమ కాలే నొస్తాందా?" అంది.

అప్పుడు తిరిగి చూశాను. సెక్షన్ మొత్తం వరసగా, ముఖాల్లో నవ్వన్నది లేకుండా, ఎడమ కాలు ఈడుస్తూ కుంటుతోంది.

"ఏందిర ఇది? మజాక్ చేస్తాన్రా?" అని అరిచాను. అందరిలో పెద్దవాడు, మేము మామ అని పిలిచే శ్రీకాకుళం జవాను, మూట దించకుండానే జవాబిచ్చాడు. "తవరే సెప్పినారు కదా నాయక్ బాబూ, మీ అడుగెలాగ పడితే మా అడుగూ అలాగే పడాలని. పడతంది మరి."

వెనకే వస్తున్న సుబేదారు సాబ్ అంతా విన్నాడు. గీతలు పోయాయనుకున్నాను. ఆయన మాత్రం "బూటు విప్పప్పా" అన్నాడు. విప్పితే మేజోడుతో పాటు తోలు కూడా వచ్చింది. "నీ కాలు నొస్తాందని నువ్వే చెప్పకపోతే, వాళ్ళ కాలు నొస్తాందని నీకు ఎవరు చెప్తారప్పా?" అని ముందుకు పోయాడు.

నేను ఆ రోడ్డు మీదే కూలబడి, మొదటిసారి అరవకుండా అడిగాను. "జర మీరు గూడ బూట్లు ఇప్పుండ్రి, సూద్దాం." ఇద్దరికి నిజంగానే బొబ్బలు. మామ బూటుకు అడుగు ఊడిపోతే తాడుతో కట్టుకున్నాడు.

"ముందుగాల చెప్పద్దా మామా?"

"నోరు తెరవొద్దన్నారు కదా బాబూ."

ముసలమ్మ తన పాత చీర కొంగు చింపి ఇచ్చింది. "ముందుగాల ఆ పెద్దాయనకు కట్టు. నీకేంది, పడుసోనివి" అని నన్ను కసిరింది. కట్లు కట్టుకున్నాం. కాళ్ళు బాగున్నవాళ్ళు బరువులు మార్చుకున్నారు. మామను ముందు పెట్టి ఆయన నడక ఎంతో అందరి నడకా అంతే అన్నాను. నేను చివరికి పోయాను. పొద్దు వాలుతుండగా ఊరు చేరాం, ఒక్కడూ వెనకబడలేదు. సుబేదారు సాబ్ మమ్మల్ని చూసి, గీతల మాట ఎత్తకుండా "టీ తాగండప్పా" అన్నాడు. అంత తీపి టీ నేను మళ్ళీ తాగలేదు.

ఇప్పుడు వరంగల్ మట్టెవాడలో పొద్దున్నే దోస్తులతో నడకకు పోతాను. "నువ్వు పటాలపోనివి, ముందల నడువరాదే" అంటారు. నాకు వెనకే బాగుంటుంది. అక్కడి నుంచి ఎవరు కాలు ఈడుస్తున్నారో కనబడుతుంది. నిన్న వాళ్ళంతా ఉన్నట్టుండి ఆగి వెనక్కి తిరిగారు. ఏమైందని అడిగాను.

"ఏం లేదే, నువ్వే కుంటుతానవ్" అన్నారు.