కారవాన్ అసలు బరువు

ఆ రోజుల్లో, అంటే ఎనభైల చివర్లో, ఒమాన్‌లో కూలికో గుమాస్తాగిరికో చేరిన మాబోటి వాళ్లకి తూకం అంటే ఒక్కటే తూకం: సెలవు మీద ఇంటికి వెళ్లేటప్పుడు విమానాశ్రయంలో పెట్టెకి వేసేది. లోకంలో అందరూ బరువెంతో తెలుసుకోవడానికి తూస్తారట. మేము మాత్రం బరువు దాచుకోవడానికే తూకం దగ్గరికి వెళ్లేవాళ్లం. ఇబ్రి ఊళ్లో మా కంపెనీ రూమ్ గుమ్మానికి ఎప్పుడూ ఒక స్ప్రింగు త్రాసు వేలాడుతుండేది. ఎవరికి సెలవు వచ్చినా వారం ముందు నుంచీ దాని కింద పెట్టె కట్టడం, విప్పడం, తిట్టుకుంటూ మళ్లీ కట్టడం. ఈ విద్యలో మా అందరికీ గురువు మా వంటాయన. కరీంనగర్ వైపు మనిషి, వయసులో పెద్దవాడు, అందరం కాకా అనేవాళ్లం. నడివేసవిలో కోటు తొడుక్కుని, దాని కింద మూడు చొక్కాలు వేసుకుని, జేబుల నిండా బ్యాటరీలూ నొప్పుల మందు సీసాలూ కుక్కుకుని, చేతిసంచిని ఖాళీ సంచిలా ఊపుకుంటూ విమానం ఎక్కిన ఘనుడు. (ఆ సంచిలో రెండు ఇస్త్రీపెట్టెలున్నాయి. వాటిని మోస్తూ చిరునవ్వు నవ్వడమంటే మాటలా!)

నేను అప్పటికి ఇరవై మూడేళ్ల సైట్ గుమాస్తాని, కాకినాడ నుంచి డిగ్రీ పట్టాతో దిగినవాణ్ణి. ఊరికి దూరంగా, కొండ అవతల రోడ్డు పని నడుస్తోంది. కూలీలంతా సాయంత్రం ఇబ్రి వెళ్లిపోయేవారు. సామాను కాపలాకి నేనూ, కాకా, పికప్ నడిపే నిజామాబాద్ డ్రైవరూ (ఊరందరికీ బావే, నాకూ బావే) అక్కడే రేకుల షెడ్డులో పడుండాలి. పగలంతా డ్యూటీ, ఆ తర్వాత తెల్లవార్లూ రేకుల సెగ. ఒళ్లు తడిగుడ్డతో తుడుచుకుని పడుకుంటే, తుడిచినంతసేపు పట్టేది కాదు ఆ గుడ్డ ఆరిపోవడానికి. నిద్ర లేక ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసి కసురుకునేవాళ్లం. ఇంకో ఎండాకాలం ఆ షెడ్డులో గడపడం నా వల్ల కాదని నాకు ఖాయంగా తెలిసిపోయింది.

అలాంటి సమయంలో ఎవరో తెల్లదొర దేశం విడిచి వెళ్తూ తన కారవాన్ అమ్మకానికి పెట్టాడు. కారవాన్ అంటే బండి వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు. లోపల మంచాలు, పొయ్యి, అన్నిటికంటే ముఖ్యం ఏసీ! మా అర్బాబ్, అంటే కంపెనీ యజమాని, మంచివాడు, మా మొహాలు చూసి కొందామనుకున్నాడు. అయితే కంపెనీకి ఉన్నది ఒక్క పికప్. టన్నున్నర దాటితే అది కొండ ఎక్కదని మెకానిక్ తేల్చేశాడు. కారవాన్‌కి బిగించిన ప్లేటు మీద అంతకంటే తక్కువే రాసుంది. నేను సంబరంగా చూపిస్తే అర్బాబ్ తల అడ్డంగా ఊపాడు. “అది పుట్టినప్పటి బరువు. దొర ఇన్నేళ్లూ దాంట్లో బీరువా పెట్టాడు, పెద్ద నీళ్ల ట్యాంకు పెట్టాడు. అసలు బరువు చూసి రా. లాగగలిగితేనే కొంటా” అన్నాడు, ఆయనకొచ్చిన హిందీలో.

శుక్రవారం పొద్దున్నే దొర దగ్గర కారవాన్ అడిగి తీసుకుని, పికప్‌కి తగిలించి, ముగ్గురం కంకర మిషన్ దగ్గర లారీలు తూచే కాటాకి వెళ్లాం. బావ ముందుకి పోనివ్వబోతుంటే కాకా అడ్డంగా నిలబడ్డాడు.

“ఏంది, గిట్లనే ఎక్కిస్తరా? మీకేమన్న సోయి ఉన్నదా?”

“ఏమైంది కాకా?” అన్నాను.

“ఏమైందంటవేంది సారూ! నిండుగ ఎక్కిస్తె పాసైతదా? పాస్ కాకుంటె అర్బాబ్ కొంటడా? ముందుగాల నీళ్లు ఇడిశిపెట్టుండ్రి.”

ఇంత చదువు చదివిన నాకు ఆ మాటలో ఏ లోపమూ కనబడలేదు సరికదా, భలే గుర్తు చేశాడే అనిపించింది. నీళ్లు వదిలేశాం. గ్యాసు బండ, పరుపులు, స్టెప్నీ దించాం. దొరగారి ఇనప బీరువా మరలు విప్పి దించుతుంటే నడుం కలుక్కుమంది. ఆఖరికి కాకా కిటికీ పరదాలు కూడా ఊడదీయడం మొదలెట్టాడు.

“పరదాలు ఎంతుంటయి కాకా, ఇడువరాదే” అని బావ విసుక్కున్నాడు.

“ఎయిర్‌పోర్టుల చెడ్డీ గూడ లెక్కకొస్తది, ఊకో!”

కాటా దగ్గరి మలయాళీ మమ్మల్ని వింతగా చూసి, కిటికీలోంచి అంకె అరిచాడు. టన్నున్నరకి కాస్త ఇవతల! పాస్! ముగ్గురం కావలించుకున్నాం. ఆ తర్వాత ఆ సామానంతా మళ్లీ లోపలికి ఎక్కించేసరికి ఎండ నడినెత్తికొచ్చి, నాలుక పిడచగట్టుకుపోయింది. అర్బాబ్‌కి ఆ అంకే చెప్పాను. ఆయన కొన్నాడు. దొర విమానం ఎక్కేశాడు.

సైట్‌కి లాక్కెళ్లే రోజున కొండ మొదట్లోనే పికప్ మూలగడం మొదలెట్టింది. సగం ఎక్కి, బానెట్ నుంచి పొగలు కక్కి, ఆగి, మెల్లగా వెనక్కి జారసాగింది. పరుగెత్తి చక్రాల కింద రాళ్లు పెట్టాం.

“గుంజుత లేదు సారూ” అన్నాడు బావ నీరసంగా.

కాకా కారవాన్ చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. “జర బరువు దించుదాం” అన్నాడు.

మళ్లీ నీళ్లు, మళ్లీ గ్యాసు బండ, మళ్లీ ఆ పాడు బీరువా. ఖాళీ అయ్యాక కారవాన్ మూలుగుతూనే కొండెక్కింది. సామాను మిగిలింది. పైకి చేరిన పికప్ మళ్లీ పొగలు కక్కి, ఇంకో ట్రిప్పుకి కదలనంది. దాన్ని నెత్తిన పెట్టుకుని కిందికీ పైకీ తిరుగుతుంటే, నా మోకాళ్లు నావి కావనిపించింది. కాటాకి చూపించకుండా దాచిన ప్రతి వస్తువునీ ఆ కొండ మీద మా చేతే మోయించుకుంది ఆ కారవాన్. సరిగ్గా అప్పుడే అర్బాబ్ కారు వచ్చి ఆగింది. నా నెత్తిన పరుపుంది.

“ఏమిటిది?”

“బరువెక్కువైంది అర్బాబ్.”

“మరి నువ్వు చెప్పిన అంకె?”

“అది... ఖాళీ బండిది.”

“ఖాళీగా ఎందుకు తూచావు?”

నెత్తి మీంచి పరుపు దించాను. అయిపోయింది, వీసా కాన్సిల్, రేపో మాపో కాకినాడ అనుకున్నాను. వెనక బీరువా తలుపు మోస్తున్న కాకా మాత్రం దాన్ని దించకుండానే ఎంతో గౌరవంగా చెప్పాడు: “అర్బాబ్, భరా హువా తో పాస్ నహీ హోతా!” నిండుగా ఉంటే పాస్ కాదు కదా అని!

అర్బాబ్ కాకాని చూశాడు, నన్ను చూశాడు, కొండని చూశాడు. తిట్టడానికి నోరు తెరిచి, మా అవతారాలు చూసి ఆయనకీ ఓపిక పోయినట్టుంది, నవ్వేశాడు. “యా అల్లా” అంటూ గ్యాసు బండ తీసి తన కారు డిక్కీలో పెట్టుకున్నాడు. పరదాలు కూడా ఆయనే పట్టుకొచ్చాడు.

సాయంత్రానికి అన్నీ సర్ది, జనరేటర్ తీగ తగిలించి, ముగ్గురం తలో పరుపు మీద వాలిపోయాం. ఎన్నాళ్లుగానో కలలుగన్న ఏసీ చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. లేచి దాని మీట నొక్కే ఓపిక మాత్రం ఎవరికీ లేకపోయింది.

ఇప్పుడు ప్రతి నెలా మా ఊళ్లో డాక్టరు దగ్గరికి వెళ్తుంటాను. నర్సమ్మ బరువు చూడాలి రండి అనగానే చెప్పులు విప్పుతాను, వాచీ తీస్తాను, జేబులో ఫోను, తాళాలు, కళ్లజోడు మా ఆవిడ చేతిలో పెడతాను. ఈ కథ నా నోట వందసార్లు విన్న మనిషి కనక, “ఆ పరదాలు కూడా ఊడదీసి ఇవ్వండి, పట్టుకుంటాను” అంటుంది. ముల్లు ఒక గీత ఇవతల ఆగితే, పాస్ అని నాలో ఇప్పటికీ ఎవడో ఎగిరి గంతేస్తాడు. తర్వాత అన్నీ తగిలించుకుని ఇంటికొచ్చి మేడమెట్లు ఎక్కుతాను. సగంలో మోకాళ్లు ఆగిపోతాయి. వాటికి అసలు బరువు తెలుసు. మెట్ల పక్క కమ్మీ పట్టుకుని ఆయాసం తీర్చుకుంటూ, నెత్తిన పరుపుతో కొండెక్కుతున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. ఎంత తేలిగ్గా ఉండేవాడో వెధవ.