మతం అడిగిన టీచరమ్మ

ముప్పై ఏళ్ళకు పైగా కన్నడ బడిలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని నేను. పిల్లల తప్పులకు ఎర్రసిరాతో గీతలు గీయడమే నా బతుకుతెరువు. అలాంటి నేను ఒక్క మాట తప్పుగా పలికి, మా తమ్ముడి భార్య ఎన్నికను ముంచబోయాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ ఆ రెండు రోజులూ నాకు అన్నం సయించలేదు.

మాది కర్ణాటకలో కేజీఎఫ్, కోలారు బంగారు గనుల ఊరు. మా తాత గనిలోకి దిగిన మనిషి, మా నాయన అదే గని ఆఫీసులో గుమాస్తా. మేము ఎస్సీలం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడం, ఎవరి మీదైనా కోపం వస్తే మూడూ కలిపి. తెలుగు అక్షరాలు మాత్రం మా అమ్మ నేర్పింది. ఆమె మదనపల్లి వైపు ఆడపడుచు. గని మూతపడ్డాక మా తమ్ముడు పట్నం వద్దనుకుని, గౌనిపల్లి దగ్గర మా తాతల ఊరికి పోయి స్థిరపడ్డాడు. కొంచెం రాగిచేను, రెండు ఆవులు, ఒక గది నిండా పట్టుపురుగులు. వాటన్నిటినీ నడిపేది అతని భార్య. మా తమ్ముడు వాటి గురించి మాట్లాడతాడు.

నేను రిటైరైన ఏడాదే మా లైన్లలో ఒక పార్టీ మొదలైంది. లైన్లంటే గనివాళ్ళ కోసం ఒకప్పుడు కట్టిన వరస ఇళ్ళు. మొదటి మీటింగుకు వచ్చింది మహా అయితే ఇరవై మంది, అందులో సగం టీ కోసం వచ్చినవాళ్ళే. ఎస్సీలు, వడ్డెవాళ్ళు, బెస్తలు, చాకళ్ళు, కింది కులాలవాళ్ళంతా ఒకే జెండా పట్టుకోవాలన్నారు. నేను వెనక వరసలో కూర్చుని పెదవి విరిచాను. మాలో మేమే ఒక పంక్తిలో కూర్చుని అన్నం తినం, ఇంతమందిమి ఒక జెండా కిందికి ఎట్లా వస్తామని వాదించాను కూడా. వాళ్ళు నాతో వాదించలేదు, మళ్ళీ వారం రమ్మన్నారు. నాకు అది నచ్చింది.

ఆ తర్వాత అది పెరిగిన తీరు నన్ను ఓడించింది. పొద్దున రైల్లో బెంగళూరు పనులకు పోయేవాళ్ళు రైల్లోనే మాట్లాడుకున్నారు. వేమగల్ ఫ్యాక్టరీలకు షిఫ్టు పనికి పోయే ఆడవాళ్ళు కంపెనీ బస్సులో మాట్లాడుకున్నారు. టేకల్ వైపు నుంచి కబురు వచ్చింది, మా ఊరికీ రండి అని. ఒక ఇబ్బంది మాత్రం ఉండేది. మా నాయకులకు తమిళం బాగా వచ్చు, పల్లెల్లో జనానికి తెలుగు కావాలి. మధ్యలో నేను. వాళ్ళు చెప్పేది విని తెలుగులో చెప్పేదాన్ని, నాలుగు మాటలు నావీ కలిపి. నేను లేకపోతే పార్టీ శ్రీనివాసపురం దాటేది కాదని నా నమ్మకం. నమ్మకం అంటున్నాను కానీ అది పొగరు.

మా తమ్ముడి ఊళ్ళో పంచాయతీ మెంబరు ఒకాయన రాజీనామా చేసి పోవడంతో ఆ వార్డుకు ఉప ఎన్నిక వచ్చింది. అది జనరల్ సీటు. జనరల్ అంటే ఎవరైనా నిలబడవచ్చు. కాగితం మీద మాట అది. మా వైపు పల్లెల్లో మాత్రం, ఎస్సీలకని పక్కన పెట్టిన సీట్లలో ఎస్సీలు నిలబడతారు, జనరల్ సీట్లు పెద్ద కులాలవాళ్ళవి. ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ దాటనూ లేదు. మా పార్టీ దాటుదామంది. మా మరదలిని నిలబెట్టింది. పాల డెయిరీలో నలుగురికీ తెలిసిన మనిషి, అబద్ధం ఆడదు, అంతకన్నా ఏం కావాలన్నారు. ఆమె రెండు రోజులు ఆలోచించి సరేనంది. ఓడిపోతే ఏమవుతుందో మా అందరికీ తెలుసు. "చూసినారా, మీ సీటు విడిచిపెట్టి మా సీటుకు వస్తే ఇట్లే" అంటారు. ఆ తర్వాత ఇంకో ఇరవై ఏళ్ళు ఆ చుట్టుపక్కల ఏ ఎస్సీ మనిషీ జనరల్ సీటు వైపు తలెత్తి చూడడు.

పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉండవు. ఆమెకు కుట్టు మిషను గుర్తు ఇచ్చారు. ప్రచారం మొదలయ్యే రోజుకు పట్టుపురుగులు నాలుగో జ్వరం దాటాయి. పురుగు పొర విడిచే ముందు మేత మాని కదలకుండా పడుకుంటుంది, దాన్నే మా వైపు జ్వరం అంటారు. నాలుగోది దాటిందంటే ఇక ఆకలే ఆకలి, మల్బరీ ఆకు వేసేవాళ్ళకు ఊపిరి సలపదు. "నేను ఇల్లు కదల్లేను వదినా, నాకు మైకులో మాట్లాడేది కూడా రాదు, నువ్వే నా తరపున చెప్పు" అంది మా మరదలు. నాకు కావలసిందీ అదే.

పార్టీవాళ్ళు ఇచ్చిన కన్నడ కరపత్రం చేతిలో పట్టుకుని, దాన్ని తెలుగు చేస్తూ, తమ్ముడి ఇంటి వసారాలో కూర్చుని ఫోనులో రికార్డు చేశాను. గొంతు సవరించుకుని మరీ. మా కేజీఎఫ్ నుంచి ఒక తమిళ ఆటో డ్రైవరు, పార్టీ మనిషే, మైకు కట్టుకుని వచ్చాడు. నా రికార్డింగు అందులో వేసుకుని మధ్యాహ్నమంతా ఊరు ఊరంతా తిరిగాడు. నేను వసారాలో కూర్చుని నా గొంతు దూరం నుంచి వినబడుతుంటే మురిసిపోయాను.

మర్నాడు పొద్దున డెయిరీలో పాలు పోసి వచ్చిన మా మరదలు ఖాళీ క్యాను కింద పెట్టి నన్నే చూస్తూ నిలబడింది.

"వదినా, నిన్న నువ్వు మైకులో ఏమి అడిగినావు?"

"ఓట్లు అడిగినాను. ఇంకేమి అడుగుతాను?"

"కాదు. మతం అడిగినావు."

నాకు అర్థం కాలేదు. ఆటో ఇంటి ముందే ఉంది. డ్రైవరును పిలిచి వెయ్యమన్నాను. నా గొంతు, నా బడి గొంతు, ఒక్కో అక్షరం ముత్యంలా వినబడింది. "అక్కలారా, అన్నలారా, మీ అమూల్యమైన మతాన్ని మీ ఇంటి ఆడపడుచుకు దానం చెయ్యండి. మీ కులం ఏదైనా సరే, మీ మతం మాత్రం మాకే ఇవ్వండి."

కన్నడంలో ఓటును మత అంటారు. ఓటు వెయ్యడం మతదాన, ఓటు పెట్టె మతపెట్టిగె. ప్రతి ఎన్నికకూ డ్యూటీ వేసి పంపిస్తే ఆ పెట్టెల పక్కన కూర్చుని కూర్చుని ఆ మాట నా నోట్లో ఓటుగానే ముద్రపడిపోయింది. తెలుగులో మతమంటే ఏమిటో ఆ వసారాలో నాకు తట్టనే లేదు. చదువుకున్న కుర్రవాళ్ళు విని నవ్వుకున్నారట. బడి మొహం చూడని ముసలివాళ్ళు మాత్రం నవ్వలేదు.

"బెస్తోళ్ళ అవ్వ డెయిరీలో నా చెయ్యి పట్టుకునింది వదినా. 'ఓటంటే ఇస్తాం గానీ, మతం ఇచ్చేస్తే మాకు దేవుడు యాడుండాడు తల్లీ' అనింది. పేర్లు రాసుకుని అందర్నీ మతం మారుస్తారంట, కేజీఎఫ్ నుంచి దానికే మనుషులు వచ్చినారంట. ఊరంతా అదే మాట."

నేను డ్రైవరు మీద పడ్డాను. "నీకు తెలవదా అప్పా? తమిళంలో కూడా మతమంటే మతమే కదా! రోజంతా తిరిగినావు, నీ చెవులు యాడ పెట్టుకున్నావు?"

అతను తల గోక్కున్నాడు. "తెలిసింది టీచరమ్మా. కానీ మీరు చెప్పినారు. మీరు చెప్పినాక తప్పు ఎట్లా ఉంటుంది అనుకున్నా."

ఆ మాటకు మా మరదలు పకపకా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. నవ్వు ఆపి, ఆమె మెల్లగా అంది: "నువ్వు చదువుకున్నదానివి వదినా. నీ మాట పెద్దది. నాకు పెద్ద మాట ఇంగ వద్దు. నా మాట నేనే చెప్పుకుంటా."

నిజం చెబుతాను, నాకు కష్టం కలిగింది. కేజీఎఫ్ బస్సు ఎక్కి పోదామని సంచి కూడా సర్దుకున్నాను. "రాత్రికి పోదువులే అక్కా, ముందు ఆకు కోసేవాళ్ళు లేరు" అన్నాడు మా తమ్ముడు. కొడవలి తీసుకుని మల్బరీ తోటలోకి పోయాను. రాత్రికి ఒళ్ళంతా పచ్చి పుండై, పోవడానికి ఓపిక లేక ఉండిపోయాను.

మరుసటి పొద్దున ఆమె వెంట డెయిరీకి నేనూ పోయాను. డెయిరీ ముందు అన్ని కులాలవాళ్ళూ క్యాన్లు పట్టుకుని ఒకే వరసలో నిలబడతారు. ఆమె తన పాలు పోసి, వెళ్ళిపోకుండా ఆ అరుగు మీదే నిలబడింది. పోయి పక్కన నిలబడదామని అడుగు వేయబోయి ఆగిపోయాను.

"మా వదిన ముప్పై ఏండ్లు కన్నడ బడిలో చెప్పింది. ఓటును మతం అనేసింది," అంది ఆమె. "మీ దేవుళ్ళను మీరే పెట్టుకోండమ్మా, నాకు ఉండే దేవుళ్ళకే దీపం పెట్టలేక చస్తావుండా. నాకు ఓటు మాత్రం ఇస్తే చాలు."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత అందరూ నవ్వారు. బెస్త అవ్వ అందరికన్నా గట్టిగా నవ్వింది. నేను తల వంచుకున్నాను, కానీ నాకూ నవ్వొచ్చింది. ముప్పై ఏళ్ళలో నా పాఠానికి ఇంతమంది ఇంత మనసారా నవ్వింది లేదు.

వరసలో మామిడితోటల పెద్ద రైతు ఒకాయన ఉన్నాడు. చెడ్డ మనిషి కాదు. "నవ్వింది చాలు గానీ, నాకొకటి చెప్పమ్మా," అన్నాడు. "పక్క వార్డులో మీకని సీటు ఉండాది. రెండేండ్లాగితే అందులో నిలబడొచ్చు. దాన్ని విడిచి ఈడికెందుకు వచ్చినావు?"

అందరూ ఆమె వైపు తిరిగారు. రాజ్యాంగం దగ్గర మొదలుపెట్టి చెప్పడానికి నా దగ్గర పెద్ద జవాబే ఉంది. ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"నేను ఉండేది ఈ వార్డులోనే కదన్నా. నా ఇంటి ముందర మోరీ కాలువ ఈ వార్డుదే, నీ ఇంటి ముందర మోరీ ఈ వార్డుదే. రెండూ పొంగేది ఒగే వానకు. పక్క వార్డుకు పోయి నేనేమి చేసేది?"

ఆయన ఒప్పుకున్నానని అనలేదు. "మాటలు బాగా నేర్చినావు," అని క్యాను ముందుకు జరిపాడు. అంతే. కానీ ఆ మాటలో వెటకారం లేదు, అది నాకు తెలుస్తుంది.

ఆ రోజు నుంచి ఎన్నిక దాకా ఆమె ఇల్లిల్లూ తిరిగింది, నేను పురుగులకు ఆకు వేశాను. ఆటోలో మైకు మోగలేదు. ఆమె రాని పూట బెస్త అవ్వే నాలుగిళ్ళు తిరిగి చెప్పేదట. పురుగులు గూడు కట్టడానికి సిద్ధమై ఒళ్ళు పసుపుపచ్చగా తిరిగితే వాటిని ఏరి చంద్రికల మీదికి వేయడం నేర్చుకున్నాను. చంద్రిక అంటే గూడు కట్టుకోవడానికి పెట్టే వెదురు తట్ట. మొదట పురుగును ముట్టుకోవాలంటే ఒళ్ళు జలదరించేది. మూడో రోజుకు వాటితో మాట్లాడుతున్నానని మా తమ్ముడు ఊళ్ళో చెప్పుకున్నాడు. ఎన్ని ఏళ్ళ తర్వాతనో నాకు బరువు దిగినట్లుగా, హాయిగా ఉంది.

లెక్కింపు తాలూకా ఊళ్ళో ఒక హాల్లో జరిగింది. ఏజెంటుగా నన్నే కూర్చోబెట్టారు. కట్టలు విప్పి కాగితాలు ఒక్కొక్కటే చూపిస్తుంటే నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. మొదట మేము వెనక, తర్వాత సమానం, తర్వాత ఏమయిందో నాకు తెలియలేదు, మా వెనక నుంచి ఎవరో కేక వేశారు. గెలిచింది. తేడా ఎక్కువేం కాదు, ఒక మినీ బస్సులో కూర్చోబెట్టవచ్చు అంతమందిని. ఆ బస్సులో మామిడితోటల ఆయన ఉన్నాడో లేడో మాకు తెలియదు, తెలుసుకోవాలని ఎవరమూ అనుకోలేదు.

గెలిచినవాళ్ళ వివరాలు రాసుకోవడానికి ఒక బల్ల దగ్గరికి పిలిచారు. అక్కడి గుమాస్తా పేరు అడిగాడు, ఊరు అడిగాడు, కులం అడిగాడు. ఆమె చెప్పింది. అతను తల ఎత్తకుండానే తర్వాతి గడిలో రాయడం మొదలుపెట్టి, రాస్తూనే, "రిజర్వు సీటు కదా" అన్నాడు. అడిగింది కాదు, అలవాటుగా అన్నాడు.

నేను నోరు తెరిచాను. మా మరదలు నా వైపు చూడను కూడా చూడలేదు.

"కాదు సార్. జనరల్."

అతని పెన్ను ఆగింది. తల ఎత్తి ఆమెను చూశాడు, మళ్ళీ కాగితాన్ని చూసుకున్నాడు. "ఏమన్నావమ్మా?"

"జనరల్ సార్," అంది ఆమె, ఈసారి హాలంతా వినబడేలాగా. "జనరల్ సీటులో గెలిచినాను."

అతను రాసినదాన్ని కొట్టేసి, పైన మళ్ళీ రాశాడు. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఆ గడిలో అతను ఏం రాశాడో నాకు కనబడలేదు.